తొంభై ఐదు డిగ్రీల మనిషి

సూరత్ దగ్గర జోల్వాలో ఇరవై నాలుగు మరమగ్గాలున్న ఆ కార్ఖానా మీది అంతస్తులోనే యజమాని కుటుంబం ఉండేది. యజమాని పొద్దుపోయేదాకా సూరత్ మార్కెట్లో తిరిగేవాడు. కింద మగ్గాలు, మనుషులు, వాళ్ళ గొడవలు అన్నీ చూసుకునేది ఆయన భార్య హంసాబెన్. పంతొమ్మిది వందల తొంభై ఆరులో వానాకాలం ముగుస్తున్న రోజుల్లో ఆమె చెల్లెలు లండన్ నుంచి వచ్చి, మనవడి కోసమని ఒక థర్మామీటరు ఇచ్చి వెళ్ళింది. గాజుది కాదు. అరచేతిలో ఇమిడే తెల్లటి మిషన్, దానికి ముందు చిన్న ముక్కు. ఆ ముక్కును చెవిలో పెట్టి మీట నొక్కితే కీచుమని ఒక్క కూత కూసి, ఒంటి వేడిని అంకెల్లో చూపేది. చెవి లోపలి నుంచి కంటికి కనపడని వేడి కిరణాలు వస్తుంటాయని, వాటిని అది పట్టుకుంటుందని చెల్లెలు చెప్పిపోయింది.

సూరత్‌కు ప్లేగు వచ్చిపోయి రెండేళ్ళయినా, జ్వరమన్న మాట వింటే ఆ చుట్టుపక్కల మనుషులు ఇంకా రెండడుగులు వెనక్కి వేసేవాళ్ళు. హంసాబెన్‌కు మనవడి భయం ఒకటి, కొత్త వస్తువు ముచ్చట ఒకటి. పొద్దున పదింటికి చాయ్ వచ్చే వేళకు ఆమె మిషన్ పట్టుకుని మెట్లు దిగేది. మగ్గం దగ్గరికే వచ్చి ఒక్కొక్కరి చెవిలో పెట్టి చూసేది. ఎవరికైనా అంకె తొంభై తొమ్మిది దాటితే ఆ పూట ఇంటికి పంపేది. పంపేముందు అల్లం వేసిన చాయ్ తాగించేది.

లోపల ఆ వేళ వెలుగు పాలలా ఉండేది. ఎత్తైన కిటికీల రేకుల సందుల్లోంచి ఎండ పట్టీలుగా దిగేది. ఆ పట్టీల్లో నూలు నూగు ఎగురుతూ, ఎక్కడా వాలకుండా, తీరిగ్గా తిరిగేది. ఆ తెల్లటి పొగమంచులో నిలబడే రాజనర్సు ఎనిమిది మగ్గాలు చూసేవాడు.

రాజనర్సుది సిరిసిల్ల దగ్గర ఒక ఊరు. భార్య వజ్రమ్మతో సూరత్ వచ్చి పన్నెండేళ్ళయింది. వచ్చిన కొత్తలోనే మగ్గాల మోతకు తట్టుకోలేక, నూనె తుడుచుకునే దూది చింపి ఉండలు చేసి చెవుల్లో కుక్కుకోవడం మొదలుపెట్టాడు. సాయంత్రం తీసేసేవాడు. ఏడాదేడాదికీ లోకం కొంచెం కొంచెంగా దూరం జరిగింది. ఇప్పుడు ఉండలు తీసినా తేడా తెలిసేది కాదు. ఎదుటివాళ్ళ పెదవులు చూసి సగం, అలవాటు కొద్దీ సగం అర్థం చేసుకునేవాడు. మగ్గం పనివాడికి చెవులు పోవడం, గీత పనివాడికి అరికాళ్ళు కాయలు కాయడం లాంటిదేనని అందరూ అనుకునేవారు. ఆయనా అదే అనుకున్నాడు.

మొదటి రోజు హంసాబెన్ మిషన్ పెట్టినప్పుడు దాని కూత ఆయనకు వినపడలేదు. ఆమె ముఖమే చూశాడు. ఆమె కనుబొమ్మలు ముడిపడ్డాయి. మళ్ళీ పెట్టింది. రెండో చెవిలో పెట్టింది. తర్వాత అంకె ఆయనకే చూపించింది. తొంభై ఐదు పాయింట్ రెండు.

పక్క మగ్గాలు నడిపే సోమలింగానికి తొంభై ఎనిమిది వచ్చింది. ఆమెకు ఆమె పెట్టుకుంటే తొంభై ఎనిమిదిన్నర. మళ్ళీ రాజనర్సుకు పెడితే తొంభై ఐదు.

"నర్సుభాయ్, నువ్వు మరీ ఠండా మనిషివి," అంది హంసాబెన్ హిందీలో.

ఆ మాట రాజనర్సుకు అందలేదు. సోమలింగం ఆయన చెవి దగ్గర నోరు పెట్టి అరిచి చెప్పాడు. "అన్నా! నీ ఒంట్ల వేడి లేదంటాంది! నువ్వు మనిషివా, ఐస్ పెట్టెవా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. రాజనర్సు కూడా నవ్వాడు.

కానీ మర్నాడూ తొంభై ఐదే. ఆ మర్నాడూ అంతే. కార్ఖానాలో ఆయన పేరు ఠండాభాయ్ అయింది. హంసాబెన్ మటుకు నవ్వలేదు. పసుపు కలిపిన వేడిపాలు పైనుంచి పంపింది, ఖర్జూరాలు పంపింది. మిషన్‌తో వచ్చిన కాగితం మీద ఏం రాసుందో కూడా ఒకరోజు కూర్చోబెట్టి, నెమ్మదిగా, పెదవులు కనపడేలా చెప్పింది. మనిషి వేడి తొంభై ఐదు కిందికి పోతే ప్రమాదమట. జాగ్రత్తగా ఉండమంది.

ఆమె మంచికే చెప్పింది. రాజనర్సు లోపల మాత్రం ఆ మాట వేరేగా దిగింది. తొంభై ఐదంటే అంచు. తను అంచు మీద నిలబడి ఉన్నాడు. ఇంకో మెట్టు దిగితే అటుపక్క.

అప్పటిదాకా లేని చలి ఆయనకు మొదలైంది. మధ్యాహ్నం అన్నం తిన్నాక మిగతావాళ్ళు నీడ వెతుక్కుంటే ఆయన బయట నూలు మూటల మీద ఎండలో కూర్చునేవాడు. కళ్ళు మూసుకుంటే మగత కమ్మేది. ఆ మగతలో తాపీ నది అడుగున కూర్చున్నట్టుండేది. తలపైన, చాలా ఎత్తున, నేసిన చీరలు చేపల్లా కదిలిపోయేవి. ఒక్కొక్కదాని నీడ ముఖం మీదుగా వెళ్ళేది. చప్పుడు లేదు, బాధ కూడా లేదు. ఒంట్లో వేడి వేళ్ళ చివర్ల నుంచి సన్నటి దారంలా ఎవరో లాగేస్తున్నట్టు, లాగనిస్తే హాయిగా ఉంటుందన్నట్టు ఉండేది. సోమలింగం వచ్చి భుజం కదిపితే, ఎక్కడున్నాడో గుర్తు తెచ్చుకోవడానికి కొంత సమయం పట్టేది.

కార్ఖానా వెనక వరసగా ఉన్న గదుల్లో చివరిది వాళ్ళది. వజ్రమ్మ ఇంట్లోనే పనిచేసేది. కుట్టుపని అయిన చీరల వెనకవైపు వేలాడే దారాలు కత్తిరించడం ఆమె పని. పొద్దున మూటలు వచ్చేవి, సాయంత్రం పోయేవి. రోజంతా ఆమె చేతిలో చిన్న కత్తెర ఆడుతూనే ఉండేది. ఆమె పెదవులు కూడా ఆడుతుండేవి. తనలో తను మాట్లాడుకోవడం ఆమెకు ఎప్పటినుంచో అలవాటు. రాజనర్సు దాన్ని చూస్తూనే ఉన్నాడు గాని, ఏమంటావని అడగడం ఎప్పుడో మానేశాడు.

ఒక సాయంత్రం ఆయన ఆమె ముందు కూర్చుని నుదురు చాపాడు.

"వజ్రా, జర చెయ్యి పెట్టి చూడు. సల్లగున్ననా?"

వజ్రమ్మ చేతిలో కత్తెర ఆగింది. చెయ్యి మాత్రం లేవలేదు.

"మిషిన్ జెప్పినంక నా చేతికేం తెలుస్తది?" అని గట్టిగా అరిచి, చీర మడత తిప్పుకుంది. తర్వాత ఆయన భుజాల చుట్టూ దుప్పటి కప్పింది. నుదుటి మీద చెయ్యి మటుకు వేయలేదు. ఆయన దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. ఆమెకు పని తొందర అనుకున్నాడు.

నవరాత్రులు వచ్చాయి. సాయంత్రమయ్యేసరికి వీధిలో రంగు బల్బులు వెలిగేవి. ఆడపిల్లలు అద్దాల ఘాగ్రాలు కట్టుకుని గుండ్రంగా తిరుగుతూ గర్బా ఆడేవారు. రాజనర్సు గడప మీద దుప్పటి కప్పుకుని చూసేవాడు. పాట లేదు, డోలు లేదు. చప్పట్లు కొట్టే చేతులు కలిసి విడిపోతున్నాయి, పాదాలు నేలను తాకీ తాకనట్టు పోతున్నాయి, అద్దాల మెరుపులు గోడల మీద పారుతున్నాయి. వాళ్ళంతా నీళ్ళకు అవతల ఆడుతున్నట్టుంది. పోయినవాళ్ళకు ఉన్నవాళ్ళు ఇట్లాగే కనపడతారేమో అనుకున్నాడు.

దసరా వెళ్ళిన మూడో రోజు పొద్దున, మగ్గాల ముందు నిలబడ్డ రాజనర్సు మోకాళ్ళు వణికాయి. నోరు చేదుగా ఉంది. పడుగు దారాలు నీటి మీద ఎండలా కదులుతున్నాయి. పదింటికి హంసాబెన్ వచ్చి చెవిలో మిషన్ పెట్టింది. ఆమె ముఖం ఒక్కసారి విప్పారింది. అంకె అందరికీ కనపడేలా పైకెత్తింది.

తొంభై ఎనిమిది పాయింట్ నాలుగు.

"చూశారా! పాలు పనిచేశాయి. నర్సుభాయ్ ఇవాళ బరాబర్ ఉన్నాడు!"

సోమలింగం చప్పట్లు కొట్టాడు. ఎవరో ఆయన వీపు చరిచారు. రాజనర్సు నవ్వడానికి చూశాడు. పళ్ళు కొట్టుకుంటున్నాయి. మిషన్ బాగుందన్నది కాబట్టి బాగుందనే అనుకున్నాడు. ఇన్నాళ్ళకు వేడి తిరిగి వస్తోంది, వచ్చేటప్పుడు ఇట్లాగే ఉంటుంది కాబోలు అనుకున్నాడు. ఆ నమ్మకంతోనే ఇంకో రెండు గంటలు పని చేశాడు. తర్వాత ఒక మగ్గం పక్కన నెమ్మదిగా కూర్చున్నాడు. మళ్ళీ లేవలేదు.

సోమలింగం ఆయన్ను భుజం మీద వేసుకుని గదికి తెచ్చాడు.

"వదినె, జరం గాదు. పొద్దుగాల మిషిన్ బెట్టి చూసిండ్రు, బరాబరే ఉన్నది. నీరసమే అయుంటది. జర నీళ్ళు తాగియ్యి," అన్నాడు.

సోమలింగం వెళ్ళాక వజ్రమ్మ మంచం పక్కన నిలబడి భర్తను చూసింది. ఆయన రెండు దుప్పట్ల కింద వణుకుతున్నాడు. నీళ్ళు తాగించింది. చెయ్యి ఆయన నుదుటిదాకా పోయి, మధ్యలోనే ఆగింది. కొంగుకు తుడుచుకుంది. మళ్ళీ చాపింది, మళ్ళీ వెనక్కి తీసుకుంది. చివరికి వంగి, ఆయన చొక్కా పైకి లాగి, వీపు మీద తన చెంప ఆనించింది. అప్పుడే దించిన అన్నం గిన్నెకు ఆనించినట్టయింది. కొద్దిసేపు అట్లాగే ఉండి, తప్పుకాదని ఖాయం చేసుకుంది.

ఆమె ఏనాడూ కార్ఖానా మెట్లు ఎక్కలేదు. ఆ రోజు ఎక్కింది. హంసాబెన్ వంటింట్లో ఉంది.

"బెన్, మీ మిషిన్ తప్పు జెప్తాంది," అంది వజ్రమ్మ, తనకొచ్చిన హిందీలో.

"అదెట్లా? విలాయతీ మిషన్ అది."

"ఏ దేశందైతేంది. నా మొగడు కాలిపోతాండు. మీరచ్చి చూడుండ్రి."

హంసాబెన్‌కు కోపం రాలేదు. అల్మారాలో అట్టడుగున పడి ఉన్న పాత గాజు థర్మామీటరు వెతికి, కడిగి, రెండూ పట్టుకుని దిగివచ్చింది. మొదట మిషన్ చెవిలో పెట్టింది. తొంభై ఎనిమిదిన్నర. తర్వాత గాజుది నాలుక కింద పెట్టి నిమిషాలు లెక్కపెట్టింది. తీసి వెలుతురుకు తిప్పి చూసింది. పాదరసం నూటొకటి దాటి, నూటరెండుకు రెండు గీతల దూరంలో నిలిచింది.

ఆమె మంచం అంచున కూర్చుండిపోయింది. ఆ తర్వాత గాజుది కడిగి, విదిలించి తన నోట్లో పెట్టుకుంది, మిషన్ చెవిలో పెట్టుకుంది. రెండూ దాదాపు ఒకటే చెప్పాయి. వజ్రమ్మకు పెట్టింది. అక్కడా తేడా అరడిగ్రీ కూడా లేదు.

"మిషన్ బాగానే ఉంది. నీ మొగుడి దగ్గరే ఎందుకు మూడు డిగ్రీలు తగ్గించి చెప్తోంది?" అంది. గాజుదాన్ని మళ్ళీ చూసి, "అంటే ఇన్నాళ్ళూ ఈయన చల్లగా లేనేలేడు," అని చిన్నగా అంది.

ఆమే రిక్షా పిలిపించి వాళ్ళను పల్సానాలో డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. డాక్టరు రక్తం పరీక్ష చేయించి మలేరియా అని తేల్చాడు. హంసాబెన్ రెండు థర్మామీటర్ల సంగతి చెప్పేసరికి ఆయనకు ఆసక్తి పుట్టింది. దీపమున్న పరికరం తెచ్చి రాజనర్సు చెవుల్లోకి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఈ చెవిలో ఒక రవికెకు సరిపడా నూలుంది," అన్నాడు. "దూది, నూగు, గులిమి అన్నీ కలిసి రాయిలా గట్టిపడ్డాయి. మీ మిషన్ దాని ముందు ఏముందో దాని వేడే చూస్తుంది. చెవి లోపలి పొర కనపడితే దాని వేడి చెప్తుంది. ఇక్కడ దానికి కనపడింది ఈ గోడ. మామూలు రోజు ఒంటి వేడి మూడు డిగ్రీలు తక్కువగా కనపడితే, జ్వరం వచ్చిన రోజు సరిగ్గా ఉన్నట్టు కనపడింది."

హంసాబెన్ తల దించుకుంది. "నేను అందరి ముందూ ఆయన బరాబర్ ఉన్నాడని చెప్పాను," అంది.

"ఇంకోసారి అనుమానమొస్తే మనిషి ముఖం కూడా చూడండి," అన్నాడు డాక్టరు. జ్వరానికి మాత్రలు, చెవుల్లోకి చుక్కలు రాసిచ్చి, పది రోజుల తర్వాత రమ్మన్నాడు.

జ్వరం నాలుగు రోజుల్లో దిగింది. తను అంచు మీద లేడని, ఎప్పుడూ లేడని హంసాబెన్ వచ్చి విడమరచి చెప్పింది. రాజనర్సు దుప్పటి తీసేశాడు. చలి మరి తిరిగి రాలేదు. అంత సులువుగా పోవడం చూసి ఆయనకే సిగ్గేసింది.

పదో రోజు వజ్రమ్మకు మూడు మూటల పని ఉండి, సోమలింగమే తోడు వచ్చాడు. డాక్టరు గోరువెచ్చని నీళ్ళు పిచికారీతో చెవిలోకి కొట్టాడు. లోపల ఏదో కదిలింది, ఒరిసింది. తర్వాత నల్లటి గింజలాంటిది పళ్ళెంలో పడింది. రెండో చెవిలోంచి అంతకన్నా పెద్దది. పడ్డప్పుడు టప్పుమంది. ఆ టప్పు రాజనర్సుకు వినపడింది.

తర్వాత అన్నీ ఒక్కసారే వచ్చాయి. ఫ్యాన్ తిరగడం, బయట ఎవరో బకెట్ ఈడ్వడం, తన చొక్కా తనకే రాసుకోవడం. డాక్టరు పేపరు మీద రాస్తుంటే పెన్ను గీరింది. "మగ్గాల వల్ల పోయింది రాదు," అన్నాడాయన మామూలు గొంతుతో. "దూది వల్ల పోయింది వచ్చింది. ఇంకా లోపల కొంచెం ఉంది, మళ్ళీ వారం రండి. చెవుల్లో దూది కుక్కకండి. మోత తక్కువున్న పని చూసుకోండి."

రిక్షాలో సోమలింగం ఏదో చెబుతూనే ఉన్నాడు. రాజనర్సు వింటున్నది అతన్ని కాదు. దారి పక్క చెరకు ఆకులు గాలికి ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయి. అంత మెత్తటి చప్పుడు ఒకటి లోకంలో ఉందని ఆయన మరిచిపోయాడు. కళ్ళు మూసుకుని, ఏదో దుకాణంలో రేడియో దగ్గరవడం, దూరమవడం విన్నాడు. గది చేరేసరికి తల నిండిపోయి, నిద్ర ముంచుకొస్తోంది.

సోమలింగం పనికి పోయాడు. వజ్రమ్మ చీరల మధ్య నుంచే అరిచింది. "ఏమన్నడు డాక్టరు?"

"ఇంకింత ఉన్నదట. మళ్ళ వారం రమ్మన్నడు," అని, ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

దాచాలని కాదు. లేచాక చెప్పొచ్చు అనుకున్నాడు. వజ్రమ్మ మటుకు, ఏమీ మారలేదనే అనుకుంది.

కత్తెర సన్నగా ఆడుతోంది. కిటికీలోంచి వచ్చే ఎండ ఆయన ముందున్న గోడ మీద వెచ్చగా పరుచుకుంది. మగత పట్టేవేళకు, కత్తెర చప్పుడు సందుల్లోంచి ఒక గొంతు వినపడింది. మొదట కలనుకున్నాడు. పన్నెండేళ్ళ కిందట ఎట్లా ఉండేదో అట్లాగే ఉన్న గొంతు, అరుపు లేని గొంతు.

"చూసినవా బిడ్డా, మీ నాయినకు చెవులు కడిగిచ్చిండ్రు. అయినా గట్లనే ఉన్నడు. జరమైతే పోయింది, గది సాలు."

రాజనర్సు కళ్ళు తెరిచాడు. కదల్లేదు.

వాళ్ళకు ఒక కూతురు ఉండేది. పేరు సుమన. సూరత్ వచ్చిన మొదటి ఏడే, రెండేళ్ళ వయసులో, జ్వరమొచ్చి ఒక్క రోజులో పోయింది. ఆ తర్వాత ఆ పేరు వాళ్ళింట్లో ఎవరూ పలకలేదని ఆయన అనుకుంటున్నాడు. వజ్రమ్మ ఇన్నేళ్ళూ రోజూ ఎవరితో మాట్లాడుతోందో ఇప్పుడు తెలిసింది.

"ఈసారి గూడ చెయ్యి పెట్టలే సుమనా. చెంప పెట్టిన. గీ చెయ్యిని నమ్మ. ఆనాడు నీ నొసట పెడితే ఏం లేదన్నది గీ చెయ్యే గద. సల్లగనే ఉన్నవనుకున్న. తానం పోసి పండబెట్టిన. నీకు తెలుసు, నేను కావాలని చేయలే."

కత్తెర ఆడుతూనే ఉంది. ఏడుపు లేదు ఆ గొంతులో. ఎన్నోసార్లు చెప్పి చెప్పి నున్నబడిన మాటల్లా ఉన్నాయి. చీర మార్చుకుని, ఈ చీర నీలిరంగు బిడ్డా, పూలు పెద్దగున్నయి, అని ఇంకేదో చెప్పుకుపోయింది.

రాజనర్సు చాలాసేపు గోడనే చూశాడు. ఆయనకు చెప్పగలిగినవి రెండు మాటలున్నాయి. ఒకటి చెబితే ఆమె బరువు దిగుతుంది. రెండోది చెబితే అది తన నెత్తికెక్కుతుంది. మొదటిది ఒక్కటే చెప్పి ఊరుకోవచ్చు. అట్లాగే చేద్దామనుకుని లేచి కూర్చున్నాడు.

"ఆ వారం నీక్కూడ జరమే ఉండె, వజ్రా."

కత్తెర ఇంకో రెండు దారాలు కత్తిరించి ఆగింది.

"ఏమన్నవ్?"

"నీక్కూడ జరమే ఉండె. మర్షిపోయినవ్. దుప్పటి కప్పుకొనే కూడు వండినవ్ ఆ దినాల. మొన్న నాకు జరమచ్చినప్పుడు నువ్వు నీళ్ళు తాగిచ్చినవ్ గద, నీ చెయ్యి మంచుగడ్డ లెక్క తగిలింది నాకు. దీనికేమైంది, ఇంత సల్లగయింది అని భయపడ్డ. జరమున్న చేతికి జరం తెల్వది. నీ చెయ్యి తప్పు గాదు."

వజ్రమ్మ ఆయన పెదవుల వైపు, తర్వాత చెవుల వైపు చూసింది.

"నీకు ఇనవడ్డదా?"

"ఇనవడ్డది."

"ఎంత?"

"మొత్తం."

ఆమె ముఖం ఎర్రబడింది. "దొంగ లెక్క పండుకొని ఇంటవా? నేను నా బిడ్డతోని మాట్లాడుకుంటుంటే ఇంటవా నువ్వు?"

ఆ కోపం ముందు ఆయన రెండో మాట దాచలేకపోయాడు.

"ఇంకోటి గూడ ఇను. పనికి పొయ్యేముందు నేను గూడ పిల్ల మీద చెయ్యేసిన. కాలుతాంది. తెలిసింది నాకు. నీకు చెప్పలే. కొత్తల పని, ఒక్క దినం రాకపోతే మగ్గం ఇంకొకనికిస్తరు. చెప్తే నువ్వు ఆపుతవని చెప్పకుంట పోయిన. సాయంత్రానికి తగ్గుతదనుకున్న."

వజ్రమ్మ ఒళ్ళో చీరను పక్కన పెట్టి, బయటికి పోయి, గడప అవతల కూర్చుంది.

మూడు రోజులు ఆమె ఆయనతో మాట్లాడలేదు. అన్నం పెట్టింది, నీళ్ళు పెట్టింది, చుక్కలు వేసే వేళకు సీసా దగ్గరికి జరిపింది. తనలో తను కూడా మాట్లాడుకోలేదు. ఇన్నేళ్ళు చెవిటివాడిగా ఉన్నప్పుడు తెలియని నిశ్శబ్దం ఆ మూడు రోజులూ రాజనర్సుకు తెలిసింది. గిన్నె గిన్నెకు తగలడం, కత్తెర, ఆమె ఊపిరి. వాటి మధ్య మాట ఒక్కటి పుడుతుందేమోనని ఆయన ఎదురుచూసేవాడు. క్షమించమని అడగడానికి రెండుసార్లు నోరు తెరిచి, ఆ మాట చిన్నదని మానుకున్నాడు.

హంసాబెన్ ఆయన్ను మగ్గాల మీది నుంచి తీసి, వీధివైపు గదిలో బట్ట మడతపెట్టే పనిలో పెట్టింది. మోత అక్కడికి గోడ దాటి వచ్చేది. ఇప్పుడు ఆమె చెవిలో మిషన్ పెట్టేముందు చెవిని పైకి, వెనక్కి లాగి, లోపల శుభ్రంగా ఉందో లేదో చూసేది. అనుమానముంటే గాజుది పెట్టేది. ఆయనకు తొంభై ఎనిమిది వచ్చిన రోజు అంకె ఎవరికీ చూపించలేదు. ఆయన భుజం మీద ఒకసారి చెయ్యి వేసి వెళ్ళిపోయింది.

నాలుగో రోజు కరెంటు కోత దినం. మగ్గాలన్నీ ఆగాయి. జోల్వా మొత్తం ఎవరో చెయ్యి అడ్డం పెట్టినట్టు మౌనమైపోయింది. రాజనర్సు గడప మీద కూర్చున్నాడు. మధ్యాహ్నపు ఎండలో ఎక్కడి నుంచో నూగు ఒకటి తేలుతూ వచ్చి ఆయన మోకాలి మీద వాలింది. వెనక గదిలో కత్తెర ఆగింది. వజ్రమ్మ వచ్చి గడపకు అటుపక్క కూర్చుంది.

"ఆనాడు నువ్వు చెప్పినా బతికేదో లేదో," అంది వీధివైపు చూస్తూ. మామూలు గొంతుతోనే అంది. అరవలేదు. "గది మనకు తెల్వది. కానీ చెప్తే బాగుండు. నాకు ఇన్నేండ్లు గిట్ల ఉండకపోవు."

"అవును," అన్నాడు రాజనర్సు.

"నీ మీద కోపం పోలే. ఎప్పుడు పోతదో నాకు తెల్వది."

"సరే."

ఎదురింటి గోడ మీద పిచ్చుకలు గోల చేస్తున్నాయి. ఆయన తల తిప్పకుండానే అడిగాడు.

"వజ్రా, పిల్లకు మాటలచ్చినయా? నేను పొద్దుగాల పోతే పండుకునుండె, వచ్చేసరికి పండుకునుండె. నేనొక్క మాటన్న ఇన్నట్టు యాదికి లేదు."

వజ్రమ్మ ఆయన్ను చూసింది. ఆ నాలుగు రోజుల్లో మొదటిసారి చూసింది.

"రాకేంది? బాగా వచ్చినయి. మన మాట గాదు, ముందు ఈళ్ళ మాట నేర్షింది. పక్కింటి గుజరాతామె ఎవరన్న పోతాంటే ఆవ్‌జో అంటుండె గద, మళ్ళ రాండ్రి అని. గది పట్టుకున్నది. పాలాయన పోతే ఆవ్‌జో. కాకి ఎగిరిపోతే ఆవ్‌జో. నువ్వు పొద్దుగాల పోతే, ఒక్కోపాలి కళ్ళు తెర్షి, నీ వీపు జూసి అంటుండె."

"నాకు గూడనా?"

"నీకు గూడ. నువ్వు ఉరుకుతుంటివి. ఇనకపోతుంటివి."

రాజనర్సు తల వంచుకున్నాడు. "ఎట్లనేది, అను," అన్నాడు.

వజ్రమ్మకు మొదట సిగ్గేసింది. గొంతు సవరించుకుంది. తర్వాత, నాలుక ఇంకా పూర్తిగా తిరగని రెండేళ్ళ పిల్ల పలికినట్టు, ముద్దగా, చివర సాగదీసి అంది. ఆయన ఇంకోసారి అనమన్నాడు. అంది. ఎండ గడప దిగి వాకిట్లోకి పోయేదాకా ఆమె చెబుతూనే ఉంది, పిల్లకు ఇష్టమైనవి, ఇష్టం లేనివి, దేనికి నవ్వేదో, ఎట్లా నవ్వేదో. ఆయన ఒక్కదానికీ మళ్ళీ చెప్పమని అరిపించుకోకుండా, అంతా విన్నాడు.